ముందు బండి, తర్వాత జనం

జపాన్‌లో తొయామా పేరు చెబితే పాతతరం వాళ్లకు గుర్తొచ్చేది మందుల పెట్టె. ఆ ఊరి వ్యాపారులు మూడు వందల ఏళ్లుగా వీపున బుట్టలు కట్టుకుని దేశమంతా తిరిగి మందులు అమ్మారు. వాళ్లు అమ్మే తీరే వేరు. ఒక ఇంటికి వెళ్లి కడుపునొప్పి మందులూ జ్వరం పొడులూ నింపిన పెట్టె అక్కడ పెట్టి, డబ్బు అడగకుండా వెళ్లిపోయేవారు. మళ్లీ ఏ ఏడాదికో వచ్చి పెట్టె తెరిచి, ఎన్ని వాడారో లెక్క చూసి, వాటికి మాత్రమే డబ్బు తీసుకుని, ఖాళీ అయినవి నింపి పోయేవారు. ముందు వాడకం, ఆ తర్వాతే లాభం. మందు అర్ధరాత్రి చేతికందేలా ఉంటేనే జనం వాడతారని ఆ వ్యాపారులకు బాగా తెలుసు.

2006లో అదే ఊరు, మూత పడబోతున్న ఒక రైలు లైనును ట్రాముగా మార్చి బతికించింది. ఆ పని చేసినవాళ్లు మందుల పెట్టెను తలచుకున్నారని నేను అనను. కానీ ఆ ట్రాము కథ చదువుతుంటే నాకు మాత్రం ఆ పెట్టే గుర్తొస్తుంది.

తొయామా పెద్ద నగరమేమీ కాదు. చుట్టుపక్కల ఊళ్లను 2005లో కలుపుకున్నాక జనాభా 4 లక్షల 20 వేల దాకా వచ్చింది. మనవైపు కాకినాడ, నిజామాబాద్‌ల కంటే కాస్త పెద్ద ఊరనుకోండి. ఒకవైపు సముద్రం, వెనక మూడు వేల మీటర్ల ఎత్తున మంచుకొండలు, మధ్యలో చదునైన మైదానం. 1945 ఆగస్టు మొదట్లో అమెరికా విమానాలు ఒక్క రాత్రిలో ఊరిని దాదాపు పూర్తిగా కాల్చేశాయి. తర్వాత వెడల్పు రోడ్లతో కొత్తగా కట్టుకున్నారు. నేల చదును, స్థలం చవక, రోడ్లు బాగున్నాయి. కాబట్టి ఎవరికి వారు పొలాల మధ్య సొంతిల్లు కట్టుకుని కారు కొనుక్కున్నారు. ఇంటికి సగటు కార్ల లెక్కలో ఆ జిల్లా జపాన్‌లోనే ముందు వరసలో ఉంటుంది.

పాతికేళ్లు ఇలా హాయిగానే సాగింది. తర్వాత రెండు ఇబ్బందులు ఒకేసారి వచ్చాయి. ఊరు ముసలిదైంది. కారు నడపలేని వాళ్లు ఇళ్లలోనే చిక్కుకుపోయారు. రెండోది పురపాలక ఖర్చు. పదిమంది ఉండే వీధికైనా వందమంది ఉండే వీధికైనా రోడ్డూ, మురుగు గొట్టమూ ఒకే పొడవు వేయాలి. చలికాలంలో మంచు కూడా ఒకే పొడవున ఎత్తిపోయాలి. ఊరు పల్చగా పరుచుకున్నకొద్దీ ప్రతి ఇంటి వాటాకి వచ్చే ఖర్చు పెరుగుతూ పోతుంది, పన్ను కట్టే చేతులేమో తగ్గుతూ పోతాయి.

ఇక రైలు సంగతి. ఊరి స్టేషన్ నుంచి ఉత్తరాన ఇవాసె అనే పాత రేవు దాకా 8 కిలోమీటర్ల సింగిల్ లైను ఒకటుంది. 1924లో ఒక ప్రైవేటు కంపెనీ వేసింది, 1943లో ప్రభుత్వం తీసుకుంది, 1987లో జాతీయ రైల్వేను విడగొట్టినప్పుడు పశ్చిమ జపాన్ రైల్వే వాటాకు వచ్చింది. రేవు కార్ఖానాల్లో పనివాళ్లు తగ్గేకొద్దీ ఎక్కేవాళ్లు తగ్గారు. ఎక్కేవాళ్లు తగ్గారని బండ్లు తగ్గించారు. బండ్లు తగ్గాయని ఉన్నవాళ్లూ ఎక్కడం మానేశారు. చివరికి అరగంటకో గంటకో ఒక బండి. రాత్రి తొమ్మిది దాటితే అదీ లేదు. ఇలాంటి లైను మన దగ్గరా ఎవరికైనా ఒకటి గుర్తొస్తుంది.

దానికి చివరి దెబ్బ బుల్లెట్ రైలు రూపంలో వచ్చింది. హొకురికు షింకన్‌సెన్ కోసం తొయామా స్టేషన్‌ను తిరిగి కట్టి, పాత లైన్లను కూడా స్తంభాల మీదికి ఎత్తాలి. ఈ చిన్న లైనును పైకెత్తడానికి పెట్టే డబ్బు దాని టికెట్ల మీద ఎన్నటికీ రాదు. ఎత్తడమా, తీసేసి బస్సులు వేయడమా అన్న చర్చలో, 2003లో అప్పటి మేయరు మసాషి మోరి మూడో దారి ముందుకు తెచ్చాడు. లైనును ఎత్తొద్దు, తీసేయొద్దు. ఊరి స్టేషన్ దగ్గర పట్టాలు మళ్లించి రోడ్డు మీదికి దించుదాం, రైలును ట్రాము చేద్దాం అన్నాడు. 2004లో నగరం, స్థానిక సంస్థలు కలిసి ఒక కంపెనీ పెట్టాయి. 2006 ఏప్రిల్ 29న బండి నడిచింది. మొత్తం 7.6 కిలోమీటర్లలో కొత్తగా వేసిన పట్టా రోడ్డు మీది 1.1 కిలోమీటరు మాత్రమే. మిగతాదంతా 1924 నాటి దారే.

పాత రైలు అరగంటకో గంటకో వచ్చేది కదా. కొత్త ట్రాము పావుగంటకొకటి వచ్చింది, ఉదయం రద్దీలో పది నిమిషాలకే. చివరి బండి రాత్రి పదకొండు దాటాక. టికెట్టు అప్పట్లో ఎక్కడ ఎక్కి ఎక్కడ దిగినా 200 యెన్లు. నా దృష్టిలో ఆ లైను మళ్లీ బతకడానికి అసలు కారణం ఇదే. రంగురంగుల బండ్లు, కొత్త స్టాపులు దాని తర్వాతే.

చిన్న లెక్క చూద్దాం. మనిషి గడియారం చూడకుండా స్టాపుకి వచ్చాడనుకుంటే, సగటున రెండు బండ్ల మధ్య వ్యవధిలో సగం నిలబడతాడు. గంటకో బండి అయితే అరగంట. పావుగంటకో బండి అయితే ఏడున్నర నిమిషాలు. తొయామాలో ఈ చివర నుంచి ఆ చివరకు ప్రయాణం పాతిక నిమిషాలే. అంటే పాత పద్ధతిలో ప్రయాణం కంటే ఎదురుచూపే ఎక్కువ. బండి సగటు వేగం గంటకు ఐదు కిలోమీటర్లు పెంచితే మిగిలేది ఐదు నిమిషాల పైచిలుకు. బండ్ల సంఖ్య పెంచితే మిగిలేది ఇరవై పైచిలుకు నిమిషాలు. పైగా, గంటకో బండి ఉన్నచోట మనిషి టైంటేబుల్‌ను చూసి తన పని కుదించుకుంటాడు. పావుగంటకొకటి ఉంటే టైంటేబుల్‌నే మరిచిపోతాడు. కారుకున్న అసలు ఆకర్షణ కూడా అదే: ఎప్పుడు బయల్దేరాలో ఎవరినీ అడగనక్కర్లేదు.

సింగిల్ లైను మీద ఇన్ని బండ్లు ఎలా నడుస్తాయి? మన ప్యాసింజరు బండ్లలో తిరిగిన ప్రతివాడికీ ‘క్రాసింగు పడింది’ అన్న మాట తెలుసు. ఎదురుబండి వచ్చేదాకా ఏదో చిన్న స్టేషన్లో ఆగి, పల్లీలు తింటూ కిటికీలోంచి చూడటం. ఒకే పట్టా మీద రెండు దిక్కులా బండ్లు నడవాలంటే అవి పక్కకు తప్పుకునే లూపు లైన్లు కావాలి. పావుగంటకో బండి నడిపితే, ఒక బండికి ప్రతి ఏడున్నర నిమిషాలకూ ఒక ఎదురుబండి తగులుతుంది. కాబట్టి ఏడున్నర నిమిషాల ప్రయాణానికొక లూపు ఉండాలి. పాతిక నిమిషాల లైనుకు మూడు చోట్ల సరిపోతుంది. డబుల్ లైను వేయనక్కర్లేదు, పొలాలు కొననక్కర్లేదు. లూపులు సరైన చోట ఉంటే రెండు బండ్లూ ఒకేసారి చేరతాయి, జనం ఎక్కి దిగే ఆ అర నిమిషంలోనే క్రాసింగు కూడా అయిపోతుంది. తప్పు చోట ఉంటే పల్లీలే గతి.

అదే పట్టా మీద రైలు ఉండగా ట్రాము ఎందుకు అన్నది తర్వాతి ప్రశ్న. దీనికి జవాబు చక్రం దగ్గరుంది. ఉక్కు చక్రం ఉక్కు పట్టాను తాకే చోటు చిన్న నాణెమంత కూడా ఉండదు. రెండూ గట్టివే కాబట్టి నలగవు. నలగనందువల్ల శక్తి వృథా కాదు. రబ్బరు టైరు అలా కాదు. ప్రతి చుట్టులోనూ కిందిభాగం అణిగి, మళ్లీ ఉబ్బుతుంది, ఆ నలుగుడుకే వేడెక్కుతుంది. చదును నేల మీద టన్ను బరువును పట్టా మీద దొర్లించడానికి కిలోన్నర, రెండు కిలోల బరువెత్తేంత బలం చాలు. తారురోడ్డు మీద టైరుకైతే ఎనిమిది పది కిలోలది కావాలి.

కానీ ఈ వరంలోనే శాపం ఉంది. సులువుగా దొర్లే చక్రం సులువుగా ఆగదు. పొడిరోడ్డు మీద రబ్బరుకు ఉన్న పట్టులో మూడోవంతు కూడా ఉక్కుకు ఉండదు, తడిస్తే ఇంకా తక్కువ. అందుకే గంటకు నూరు కిలోమీటర్ల పైన వచ్చే రైలు ఆగడానికి ఐదారు వందల మీటర్లు కావాలి. డ్రైవరు కంటికి ఏదైనా కనిపించాక బ్రేకు వేస్తే అప్పటికే ఆలస్యం. సిగ్నళ్లు, బ్లాకులు, గేట్లు, కంచెలు అన్నీ ఈ ఒక్క బలహీనతకు కట్టిన మొక్కుబడులు. రైలు లైను ఖర్చులో వీటికీ ఒక వాటా పోతుంది.

ట్రాము ఈ బలహీనతను వేరే విధంగా దాటుతుంది. మొదటిది, వేగం తక్కువ. జపాన్ నిబంధనల ప్రకారం రోడ్డు మీద గంటకు 40 కిలోమీటర్లు మించకూడదు. రెండోది, బ్రేకులు మూడు రకాలు. మోటారే తిరగబడి జనరేటరుగా మారి వేగం తగ్గిస్తుంది, చక్రాన్ని పట్టే మామూలు బ్రేకు ఉంటుంది, ఇవి చాలవంటే చాలా ఆధునిక ట్రాముల్లో విద్యుదయస్కాంతపు దిమ్మ ఒకటి కిందికి దిగి నేరుగా పట్టానే కరుచుకుంటుంది. ఈ మూడోదానికి చక్రం పట్టుతో పనిలేదు. జారకుండా ఉండటానికి చక్రాల ముందు ఇసుక చల్లే ఏర్పాటూ ఉంటుంది; నూరేళ్ల నాటి ఈ ఉపాయానికి ఇప్పటికీ సాటి రాలేదు. ఇవన్నీ కలిస్తే 40 కిలోమీటర్ల వేగంలో ఉన్న ట్రాము అత్యవసరంగా ముప్ఫై మీటర్ల లోపే ఆగగలదు. అంటే బస్సు డ్రైవరులా కళ్లతో చూసి నడపొచ్చు. రోడ్డు కూడలిలో కార్లతో పాటే ఎర్రదీపం దగ్గర నిలబడొచ్చు.

బ్రేకు వేసినప్పుడు పుట్టే కరెంటు సంగతి కూడా చెప్పాలి. జనంతో కలిపి 30 టన్నుల బండి 40 కిలోమీటర్ల వేగం అందుకోవడానికి సుమారు అర యూనిట్టు కరెంటు తింటుంది. స్టాపు స్టాపుకీ ఆగి బయల్దేరే బండికి అసలు ఖర్చు ఇదే, దొర్లడం కాదు. మోటారు జనరేటరుగా మారినప్పుడు అందులో కొంత తిరిగి పైతీగలోకి పోతుంది. ఆ క్షణంలో దగ్గర్లో ఇంకో ట్రాము బయల్దేరుతుంటే అది వాడుకుంటుంది. ఎవరూ లేకపోతే వేడిగా వృథా. అంటే ఇక్కడ కూడా ఎక్కువ బండ్లు ఉంటేనే లాభం.

పోర్ట్‌రామ్ అని పేరు పెట్టిన ఆ బండ్లు మొదట ఏడు, ఒక్కోటి ఇంద్రధనుస్సులో ఒక్కో రంగు. నేల ఎత్తు ముప్ఫై సెంటీమీటర్లే. స్టాపు గట్టు కూడా అంతే ఎత్తు. చేతికర్రతో నడిచే ముసలమ్మ మెట్టు ఎక్కకుండా లోపలికి వచ్చేస్తుంది. నేలను అంత కిందికి దించడం చెప్పినంత సులువు కాదు. రైలు చక్రాలు రెండూ ఒకే ఇరుసుకు బిగించి ఉంటాయి, అంచులు కాస్త ఏటవాలుగా ఉంటాయి. మలుపులో బయటి చక్రం పెద్ద చుట్టుకొలత మీద, లోపలిది చిన్న చుట్టుకొలత మీద దొర్లి బండి తనంతట తానే తిరుగుతుంది. ఇరుసు ఉంటే మాత్రం నేల దాని పైన ఉండక తప్పదు. అందుకే ఇలాంటి ట్రాముల్లో ఇరుసునే తీసేసి, చక్రాలు దేనికవే తిరిగేలా చేశారు. ఆ ఏటవాలు మాయ పోతుంది, చక్రాల అంచు అరుగుదల పెరుగుతుంది, మలుపులో కీచుమంటుంది. ముసలమ్మ మోకాళ్ల కోసం ఇంజనీర్లు చెల్లించిన ధర అది.

రోడ్డు మీది పట్టాలను కంకర మీద కాకుండా కాంక్రీటు గాడిలో పెట్టి చుట్టూ సాగే గుణమున్న జిగురు పోశారు. చప్పుడు, అదురు తగ్గాయి. ఇంకో మేలూ ఉంది. పైతీగ నుంచి వచ్చిన 600 వోల్టుల కరెంటు మోటారులోంచి పట్టాల గుండానే వెనక్కి పోతుంది. దారిలో మట్టిలోకి కారితే పక్కనున్న ఇనుప నీటిగొట్టాలను తినేస్తుంది. నూరేళ్ల కిందట ట్రాములున్న చాలా ఊళ్లలో నీళ్ల శాఖకు, ట్రాము కంపెనీకి పేచీ ఇదే. జిగురు పొర ఆ కారుడును కూడా చాలావరకు ఆపుతుంది.

ఇంతకీ డబ్బు? తొయామా పద్ధతి ఒక్కమాటలో చెప్పొచ్చు: పట్టాల ఖర్చు ఊరిది, బండి నడిపే ఖర్చు కంపెనీది. పట్టాలు, తీగలు, బండ్ల కొనుగోలు, వాటి మరమ్మతులు ప్రజల సొమ్ముతో. డ్రైవరు జీతం, కరెంటు, రోజువారీ ఖర్చు టికెట్ల మీద. ఇందులో వింతేమీ లేదు, రోడ్డు విషయంలో మనమంతా చేస్తున్నదే. ఏ ప్రైవేటు బస్సు యజమానినీ నువ్వే రోడ్డు వేసుకో అనం. రైలు దగ్గరకు వచ్చేసరికి మాత్రం పట్టా ఖర్చు కూడా టికెట్టులోంచే రావాలని అడుగుతాం, రాకపోతే నష్టాల లైను అని పేరు పెడతాం.

ఫలితం ఏమిటంటే, మామూలు రోజుల్లో రెండు వేల పైచిలుకు ఉన్న ప్రయాణికులు ఐదు వేల దగ్గరకు చేరారు. సెలవు రోజుల్లో వెయ్యి ఉన్నది ఐదు వేలు దాటింది. మొదటి ఏడాది వేడుక చూడటానికి వచ్చినవాళ్లూ అందులో ఉన్నారు, అది కాస్త తగ్గించుకోవాలి. నన్ను ఆపి ఆలోచింపజేసింది వేరే అంకె. ఆ కొత్త ప్రయాణికులు అంతకుముందు ఎలా తిరిగేవారో నగరం అడిగింది. దాదాపు సగం మంది పాత రైలెక్కినవాళ్లే. కారు వదిలి వచ్చినవాళ్లు పదింట ఒక వంతు పైచిలుకు మాత్రమే. కానీ ఇంచుమించు ఐదోవంతు మంది ఇంతకుముందు ఆ ప్రయాణమే చేయనివాళ్లు. బండి లేదు కాబట్టి ఇంట్లో కూర్చున్నవాళ్లు.

కార్లు తగ్గుతాయని ట్రాము వేయమనే వాళ్లకు ఈ అంకెలు నిరాశ కలిగించాలి. వేయకముందు సర్వే చేసి ‘ఇంతమందే ఎక్కుతారు, లాభం లేదు’ అనేవాళ్లకు ఇంకా ఎక్కువ కలిగించాలి. ఇంట్లో కూర్చున్నవాళ్లను బస్టాండులో నిలబడి లెక్కపెట్టలేం.

మోరి తన నగర ప్రణాళికను ఊళ్లో ఎవరికైనా అర్థమయ్యేలా పుల్లకు గుచ్చిన దాంగో అన్నాడు. దాంగో అంటే మన ఉండ్రాళ్ల లాంటివే, బియ్యపు పిండి ఉండలు, పుల్లకు మూడో నాలుగో గుచ్చి అమ్ముతారు. ట్రాములు, రైళ్లు, బస్సులు పుల్ల. స్టాపుల చుట్టూ నడిచి వెళ్లగలిగేంత దూరంలో ఉండే పేటలు ఉండలు. ఎవరినీ పొలాల మధ్యనుంచి బలవంతంగా కదిలించలేదు. ఊరి నడిమధ్య ఇల్లు కొనుక్కునేవారికి నగరం 5 లక్షల యెన్ల దాకా సాయం చేసింది. 65 ఏళ్లు దాటినవాళ్లు పగటిపూట ఊళ్లోకి 100 యెన్లకే రావొచ్చన్నారు. చేతిలో పూలగుత్తితో ఎక్కినవాళ్లకు ట్రాము ఉచితం అని ఒక పథకం కూడా పెట్టారు, పూల దుకాణాలతో ఒప్పందం చేసుకుని. మల్లెపూల మూరకు ఇది వర్తిస్తే మన బస్సుల్లో టికెట్టు కొట్టేవాళ్లే ఉండరు.

2009 డిసెంబరులో ఊరి మధ్య 0.9 కిలోమీటరు పట్టా కలిపి ట్రాము వలయం పూర్తి చేశారు. అలాంటి వలయం ఒకటి ఊళ్లో మునుపే ఉండేది, 1973లో కార్లకు దారివ్వడానికి తీసేశారు. తీసినవాళ్లూ వేసినవాళ్లూ ఇద్దరూ నగరాభివృద్ధి అనే అన్నారు. 2020 మార్చి 21న, పైకెత్తిన స్టేషన్ కిందుగా ఉత్తరపు ట్రామును దక్షిణపు ట్రాముతో కలిపేశారు. రేవు నుంచి బయల్దేరి బండి మారకుండా ఊరి నడిబొడ్డుకు రావొచ్చు. తొయామా ఇప్పటికీ కార్ల ఊరే, జనాభా తగ్గుతున్న ఊరే. ట్రాము ఆ రెండిటినీ తిప్పేయలేదు.

మన గోదావరి జిల్లాలో ఇలాంటి కథ ఒకటి సగం దాకా నడిచింది. కాకినాడ నుంచి రామచంద్రపురం, ద్రాక్షారామం మీదుగా గౌతమి ఒడ్డున కోటిపల్లి దాకా 45 కిలోమీటర్ల లైను 1928లో పడింది. రెండో ప్రపంచయుద్ధం వచ్చింది. 1940లో యుద్ధావసరాలకని ఆంగ్లేయులు ఆ పట్టాలు పీకి పట్టుకుపోయారు. స్వాతంత్ర్యం వచ్చాక యాభై ఏళ్లకు పైగా కోనసీమ జనం ఆ లైను అడుగుతూనే ఉన్నారు. లోక్‌సభ స్పీకరుగా ఉన్న జి.ఎం.సి. బాలయోగి దాన్ని పట్టుబట్టి కదిలించాడు. లైను తెరిచిన 2004 నాటికి ఆయన లేడు. పట్టాలు తిరిగొచ్చాయి. వాటి మీద నడిచింది ఒంటిపెట్టె రైలు బస్సు, రోజుకు ఒకసారి వెళ్లి వచ్చేది.

రోజుకొక బండి ఉన్న లైనులో సగటు ఎదురుచూపు పన్నెండు గంటలు. కాకినాడలో ఆసుపత్రికో కాలేజీకో వెళ్లేవాడు దాన్ని నమ్ముకోడు, పక్కనే ఉన్న రోడ్డు మీద బస్సో ఆటోనో ఎక్కుతాడు. రైలు బస్సు ఖాళీగా వెళ్లేది. ఖాళీగా వెళ్తోంది కాబట్టి రెండో బండి వేయడానికి కారణం కనిపించేది కాదు. ఇవాసె లైను 2003లో ఎక్కడ ఉందో ఇది మొదటి రోజునుంచే అక్కడ ఉంది.

పై లెక్కనే ఇక్కడ వేసి చూస్తే: 45 కిలోమీటర్లు, ఆగుతూ పోయినా గంటా పది నిమిషాల ప్రయాణం. గంటకో బండి నడిపితే ప్రతి అరగంటకూ ఒక ఎదురుబండి. దారిలో రెండు చోట్ల క్రాసింగు, బండ్లు మూడు, చెడిపోతే మార్చడానికి ఇంకొకటి.